నగర ఉన్నత పాఠశాలలు – పట్టభద్రోపాధ్యాయ శిక్షణ

పట్టా చేతికి వచ్చినంత మాత్రాన పాఠం చెప్పడం రాదు. ఒక విషయాన్ని తాను తెలిసికొని ఉండటం వేరు. దానిని తెలియనివానికి తెలిసేటట్లు చెప్పడం వేరు. వైద్యశాస్త్రం చదివినవాడు ఆసుపత్రిలో పెద్దల పక్కన నిలబడి కొంతకాలం పనిచేయనిదే రోగి నాడి పట్టుకోవడానికి అర్హుడు కాడు. వడ్రంగి కుమారుడు సైతం తండ్రి చేతి కదలికను ఏళ్ళ తరబడి గమనించిన తరువాతనే ఉలి పట్టుకుంటాడు. అట్టి స్థితిలో, కొయ్య కంటె, దేహం కంటె సున్నితమైన పసి మనస్సుతో పనిచేయవలసిన ఉపాధ్యాయునికి శిక్షణ అవసరమా అన్న ప్రశ్నయే తలెత్తరాదు. తలెత్తవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. ఆ శిక్షణ ఎటువంటిదై ఉండాలి? మరీ ముఖ్యంగా, పలు భాషలవారు, పలు ప్రాంతాలవారు ఒకే గదిలో కూర్చొనే నగరపు ఉన్నత పాఠశాలకు వెళ్ళే పట్టభద్రునికి అది ఏమి నేర్పాలి?

మన కళాశాల నుండి పట్టభద్రులై వెళ్ళే విద్యార్థినీ విద్యార్థులలో పలువురు బి.ఎడ్. ప్రవేశపరీక్షకు సిద్ధమవుతూ ఉంటారు. వారిలో ఉర్దూ మాధ్యమంలో చదివినవారూ ఉన్నారు, తెలుగు మాధ్యమంలో చదివినవారూ ఉన్నారు. వారిని ఉద్దేశించి, ఒకప్పుడు ఛాత్రోపాధ్యాయునిగా తప్పులు చేసి నేర్చుకున్నవానిగా, నాకు తోచిన నాలుగు మాటలను ఈ వ్యాసంలో విన్నవిస్తున్నాను.

నడచి వచ్చిన త్రోవ

మన దేశంలో ఆధునిక ఉపాధ్యాయ శిక్షణకు 1854 నాటి ఉడ్ తాఖీదు ఒక మైలురాయి. పాఠశాలలు స్థాపించినంత మాత్రాన చాలదనీ, వాటిలో పనిచేసేవారికి శిక్షణాలయాలు కావాలనీ అది స్పష్టంగా చెప్పింది. తరువాత రెండేళ్ళకే, 1856లో, మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు వెలసింది. సైదాపేట శిక్షణ కళాశాలగా తరతరాల ఉపాధ్యాయులకు పరిచితమైన సంస్థ అదే. ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు రోజులలో తెలుగు జిల్లాల నుండి వెళ్ళి అక్కడ శిక్షణ పొందినవారు ఎందరో ఉన్నారు.

స్వాతంత్ర్యానంతరం ఈ విషయమై ఆలోచించిన సంఘాలకు కొరత లేదు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం, శిక్షణలో గ్రంథ పఠనం కంటె పాఠశాలలో చేసే అభ్యాసానికి ఎక్కువ కాలం కేటాయించాలనీ, విద్యార్థి సామర్థ్యాన్ని నిర్ణయించేటప్పుడు దానికే ఎక్కువ విలువ ఇవ్వాలనీ సూచించింది. డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘం, పట్టభద్రుల శిక్షణ అప్పటికి ఒక సంవత్సరమే అయినప్పటికీ, కాలక్రమేణ దానిని రెండు సంవత్సరాలకు పొడిగించాలని అభిప్రాయపడింది. డాక్టర్ డి.ఎస్. కొఠారి అధ్యక్షతన 1964-66లో పనిచేసిన విద్యా సంఘం మరొక అడుగు ముందుకు వేసి, శిక్షణ కళాశాలల అసలు జబ్బు ఏమిటో పట్టి చూపింది. అవి విశ్వవిద్యాలయపు పాండిత్య జీవితానికి దూరంగా ఉన్నాయి, పాఠశాలల నిత్య జీవితానికి దూరంగా ఉన్నాయి, ఒకదానికొకటి కూడ దూరంగానే ఉన్నాయి. ఈ మూడు విధాల ఒంటరితనాన్ని తొలగించనిదే శిక్షణ బాగుపడదని ఆ సంఘం భావించింది.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 1973లో సలహా సంఘంగా ఏర్పడి, 1993 నాటి చట్టం ద్వారా 1995లో అధికారాలు గల సంస్థగా మారింది. అటుపిమ్మట శిక్షణ కళాశాలల సంఖ్య పెరిగింది గాని, అదే పాళ్ళలో నాణ్యత పెరగలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వర్మ సంఘం 2012లో సమర్పించిన నివేదిక ఈ లోపాన్ని నిర్మొహమాటంగా ఎత్తిచూపింది. దాని ఫలితంగా 2014లో కొత్త నిబంధనలు వచ్చాయి. 2015-16 నుండి బి.ఎడ్. రెండు సంవత్సరాల చదువయింది. అందులో మొత్తం ఇరవై వారాలు, అనగా మొదటి ఏడాది నాలుగు, రెండవ ఏడాది పదహారు వారాలు, విద్యార్థి పాఠశాలలతో సంబంధం కలిగి ఉండాలన్న నియమం ఏర్పడింది. మొదలియార్ సంఘం కోరినది అమలులోకి రావడానికి అరవై సంవత్సరాలకు పైగా పట్టింది.

2020 నాటి జాతీయ విద్యా విధానం, ఇంటర్మీడియట్ తరువాత నాలుగేళ్ళ సమగ్ర ఉపాధ్యాయ విద్యను 2030 నాటికి కనీస అర్హతగా చేయాలని లక్ష్యం పెట్టుకొన్నది. ఇట్టి ఆలోచన కూడ క్రొత్తది కాదు. 1983-85 మధ్య పనిచేసిన చటోపాధ్యాయ సంఘం దీనిని ఆనాడే ప్రతిపాదించింది. ఈ విధంగా చూస్తే మనకు సిఫారసుల కొరత ఎన్నడూ లేదు. సిఫారసుకు, తరగతి గదికి మధ్య ఉన్న దూరమే మన సమస్య.

శిక్షణ స్వరూపం

శిక్షణ కళాశాలలో విద్యార్థి నేర్చుకొనే విషయాలను స్థూలంగా మూడు భాగాలు చేయవచ్చు. మొదటిది, విద్యా తత్త్వం, విద్యా మనోవిజ్ఞానం, సామాజిక నేపథ్యం మొదలైన సైద్ధాంతిక విషయాలు. రెండవది, ఎవరి సబ్జెక్టుకు సంబంధించిన బోధనా పద్ధతులు. మూడవది, బోధనాభ్యాసం. ఈ మూడింటిలో మొదటి రెండూ పుస్తకంలో దొరుకుతాయి. మూడవది పిల్లల మధ్య మాత్రమే దొరుకుతుంది.

బోధనాభ్యాసానికి పూర్వరంగంగా సూక్ష్మబోధన చేయిస్తారు. 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఈ పద్ధతి మన దేశంలో ముప్పై ఆరు నిమిషాల వలయంగా స్థిరపడింది. ఆరు నిమిషాల బోధన, ఆరు నిమిషాల విమర్శ, పన్నెండు నిమిషాల పునఃప్రణాళిక, ఆరు నిమిషాల పునర్బోధన, ఆరు నిమిషాల పునర్విమర్శ. ప్రశ్నలు వేయడం, ఉదాహరణలు ఇవ్వడం, నల్లబల్లను ఉపయోగించడం వంటి నైపుణ్యాలను ఒక్కొక్కటిగా విడదీసి సాధన చేయించడం దీని ఉద్దేశం. ఈతకు దిగేముందు గట్టున చేతులు ఆడించడం వంటిదిది. ఉపయోగకరమే. కాని ఇక్కడ విద్యార్థులుగా కూర్చొనేది తోటి ఛాత్రోపాధ్యాయులే అన్న సంగతి మరువరాదు. వారికి పాఠం ముందే తెలుసు. తెలియనట్లు నటిస్తారు.

అటుపిమ్మట పాఠ్యపథకం. ఉన్ముఖీకరణ, శీర్షికా ప్రకటన, ఆదర్శ పఠనం, మౌన పఠనం, విషయ విశ్లేషణ, నల్లబల్ల సారాంశం, మూల్యాంకనం, ఇంటిపని అన్న సోపానాలతో ప్రతి పాఠాన్నీ ముందుగా రికార్డులో వ్రాసి పర్యవేక్షకుల సంతకం తీసుకోవాలి. క్రమశిక్షణ గల ఆలోచనకు ఇది మంచి సాధనం. అయితే పథకంలో ఎడమవైపున ఉపాధ్యాయుడు అడిగే ప్రశ్న, కుడివైపున విద్యార్థి చెప్పే జవాబు కూడ మనమే వ్రాస్తాము. పిల్లవాడు నోరు తెరవకముందే అతని జవాబు మన పుస్తకంలో సిద్ధంగా ఉంటుంది. అతడు వేరొక జవాబు చెబితే ఏమి చేయాలో రికార్డులో ఉండదు.

ఒక అనుభవం

నేను 2013-14లో బి.ఎడ్. చదివాను. అప్పటికి అది ఒక్క సంవత్సరపు శిక్షణయే. విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. పూర్తిచేసి వెళ్ళినవాడను కాబట్టి భాష విషయంలో నాకు లోటు లేదన్న ధీమా ఉండేది. బోధనాభ్యాసానికి నన్ను నగరంలోని ఒక ఉన్నత పాఠశాలకు పంపారు. తొమ్మిదవ తరగతి. ఉర్దూ మాట్లాడే కుటుంబాల పిల్లలే ఎక్కువ.

మూడవ రోజున ఇంటిపని చూడటం ఆరంభించాను. రెండవ వరుసలో ఒక అబ్బాయి ఖాళీ పుస్తకం పట్టుకొని నిలబడ్డాడు. "ఎందుకు వ్రాయలేదు?" అని అడిగాను. అతడు తలయెత్తి, ఏ తడబాటూ లేకుండా, "రాయను సార్" అన్నాడు. తరగతి నిశ్శబ్దమయింది. వెనుక కుర్చీలో పర్యవేక్షకులు కూర్చొని ఉన్నారు. నాకు అవమానమనిపించింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే జవాబు, "రాయను సార్." గట్టిగా మందలించి, పీరియడ్ ముగిసేవరకు అతనిని నిలబెట్టి, నా పాఠ్యపథకంలోని సోపానాలన్నీ నిమిషం తప్పకుండా పూర్తిచేశాను. తరగతి అదుపు బాగున్నదని పర్యవేక్షణ పత్రంలో వ్రాశారు. ఆ పాఠానికి మంచి మార్కులే వచ్చాయి.

మర్నాడు ఆ అబ్బాయి బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఉపాధ్యాయుల గదిలో ఆ పాఠశాలకు చెందిన ఒక వృద్ధ ఉపాధ్యాయులు నన్ను పిలిచి, "ఏమి జరిగింది బాబూ?" అని అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "ఆ అబ్బాయికి వచ్చిన తెలుగు ఎంతో నీవు కనుక్కున్నావా? వాడికి 'రాయను' ఒక్కటే తెలుసు. 'రాయలేదు' అనాలన్నా అదే, 'రాయలేను' అనాలన్నా అదే" అన్నారు. ఆయనే కబురు పంపి పిల్లవాణ్ణి పిలిపించారు. ఉర్దూలో అడిగితే వాడు చెప్పినది ఇది. పద్యంలో మాటలకు అర్థం తెలియలేదు. ఇంట్లో చెప్పేవారు లేరు. అందుచేత వ్రాయలేకపోయాడు.

నన్ను ఎక్కువగా బాధించిన విషయం ఒకటున్నది. మా ఇంటి భాష కూడ ఉర్దూయే. ఆ అబ్బాయి ఇంట్లో మాట్లాడే మాటలే మా ఇంట్లోనూ మాట్లాడుతాము. ఒక్క మాట ఉర్దూలో అడిగి ఉంటే చాలు. కాని తెలుగు పీరియడ్‌లో తెలుగే మాట్లాడాలన్న పద్ధతి శాస్త్రపు నియమం నా నోటికి తాళం వేసింది. పైగా నేను నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెలో పెరిగినవాడను. ఇరుగుపొరుగు అంతా తెలుగువారు. ఆటలోనూ, బావి దగ్గరనూ, అంగట్లోనూ నాకు తెలుగు దానంతట అదే వచ్చింది. నగరంలోని మొహల్లాలో పుట్టి పెరిగిన ఆ బాలునికి తెలుగు వినిపించేది రోజుకు ఒక్క పీరియడ్ మాత్రమే. నాకు వీధి నేర్పిన భాషను అతనికి ఆ పీరియడే నేర్పవలసి ఉన్నది. ఈ భేదాన్ని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నేనూ గమనించలేదు.

ఇంటి భాష – బడి భాష

ఆ సంఘటన తరువాత నేను రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూడటం ఆరంభించాను. ఆనాటి నుండి నేటివరకు నాకు తెలిసినవాటిలో మూడు విషయాలు ఇక్కడ పేర్కొంటాను. నగర పాఠశాలలో తెలుగు బోధించబోయేవారికి ఇవి ఉపకరిస్తాయని నా నమ్మకం.

మొదటిది వ్యతిరేకార్థం. ఉర్దూలో 'నహీఁ' అనే మాట విడిగా నిలబడుతుంది. దాని పక్కనున్న క్రియ మారుతుంది. 'నహీఁ లిఖూఁగా' అంటే వ్రాయను, 'నహీఁ లిఖా' అంటే వ్రాయలేదు, 'నహీఁ లిఖ్ సకా' అంటే వ్రాయలేకపోయాను. తెలుగులో అట్లా కాదు. వ్యతిరేకత క్రియలో కలిసిపోతుంది. 'వ్రాయను' అన్న రూపంలో 'కాదు' అని చెప్పే మాట ఏదో విడదీసి చూపలేము. కనుక ఒక్క రూపాన్ని కంఠస్థం చేసిన పిల్లవాడు దానినే అన్నిచోట్లా వాడుతాడు. పర్యవసానంగా, చేతకాలేదని చెప్పదలచినవాడు మన చెవికి చేయనని ఎదిరించినట్లు వినబడతాడు. అట్లే 'యే కితాబ్ నహీఁ హై' అన్న వాక్యం సందర్భాన్ని బట్టి 'ఇది పుస్తకం కాదు' అని కావచ్చు, 'ఈ పుస్తకం లేదు' అని కావచ్చు. 'కాదు', 'లేదు' అన్న భేదం ఉర్దూ పిల్లవానికి సహజంగా తోచదు. దానిని పనిగట్టుకొని నేర్పాలి.

రెండవది 'మనము', 'మేము'. ఎదుటివానిని కలుపుకొంటే 'మనము', వదిలిపెడితే 'మేము'. గ్రాంథిక ఉర్దూలో రెండింటికీ 'హమ్' ఒక్కటే. "సార్, మనం రేపు పెండ్లికి వెళ్తున్నాం" అని ఒక బాలిక అంటే ఉపాధ్యాయుణ్ణి పెండ్లికి పిలిచినట్లు కాదు. అయితే మన హైదరాబాదు దక్కనీ పలుకుబడిలో 'అపన్' అనే మాట ఉన్నది. కలుపుకొని చెప్పే 'మనము'కు అది చాలవరకు దగ్గరగా వస్తుంది. ఇంట్లో మాట్లాడే దక్కనీని అశుద్ధమని తోసివేయకుండా, ఆ 'అపన్' నుండి మొదలుపెడితే పది నిమిషాలలో పిల్లలకు ఈ భేదం బోధపడుతుంది. ఇది నేను స్వయంగా చేసి చూచిన సంగతి.

మూడవది లింగం. ఉర్దూలో ప్రతి నామవాచకమూ పుంలింగమో స్త్రీలింగమో అయి ఉంటుంది. పుస్తకం సైతం స్త్రీలింగమే. తెలుగులో ఏకవచనంలో పురుషులను చెప్పే మాటలు మహత్తులు. స్త్రీ, పశు, జడ వాచకాలకు క్రియ ఒకే రూపంలో ఉంటుంది. 'అమ్మ వచ్చింది', 'ఆవు వచ్చింది', 'వాన వచ్చింది'. బహువచనానికి వచ్చేసరికి 'అమ్మలు వచ్చారు', 'ఆవులు వచ్చాయి' అని స్త్రీలు పురుషులతో చేరుతారు. తల్లికీ ఆవుకూ ఒకే క్రియ ఏమిటని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. అది అల్లరి ప్రశ్న కాదు. వ్యాకరణంలోని మర్మాన్ని పట్టుకొన్న ప్రశ్న. అటువంటి ప్రశ్నకు ముఖం చిట్లించే ఉపాధ్యాయుడు ఒక మంచి వ్యాకరణ పాఠాన్ని పోగొట్టుకొన్నట్లే.

పిల్లవాని చేతిలోని మూలధనం

ఈ భేదాలను చూచి ఉర్దూ విద్యార్థికి తెలుగు కొరకరాని కొయ్య అని భావించరాదు. అతడు తరగతిలోకి రిక్తహస్తాలతో రావడం లేదు. దుకాన్, బాజార్, జవాబ్, ఖర్చ్, వసూల్, హాజిర్, దర్ఖాస్త్ అన్న మాటలు అతనికి పుట్టుకతో తెలుసు. అవే తెలుగులో దుకాణం, బజారు, జవాబు, ఖర్చు, వసూలు, హాజరు, దరఖాస్తు అయ్యాయి. ఈ మాటలను రెండు వరుసలలో నల్లబల్లపై వ్రాసి, తేడా ఏమిటో చెప్పమంటే పిల్లలే కనిపెడతారు. హల్లుతో ముగిసే మాట తెలుగులోకి వచ్చేసరికి చివర అచ్చునో, 'అం' అనే రూపాన్నో తెచ్చుకొంటున్నది. తెలుగు అజంత భాష అన్న పెద్దమాటను మనం చెప్పనవసరం లేకుండానే వారి కళ్ళెదుట నిలుస్తుంది. తమ ఇంటి మాటలు తెలుగు పుస్తకంలో కనిపించినప్పుడు పిల్లల ముఖాలలో కలిగే వికాసాన్ని చూచినవారికి, ఉన్ముఖీకరణ అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ రెండు భాషల చెలిమి నిన్న మొన్నటిది కాదు. గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరొందిన యయాతి చరిత్రను పొన్నగంటి తెలగన అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను బోధించి దేశభాషకు ఆ శక్తి ఉన్నదని నిరూపించగా, అదే విశ్వవిద్యాలయంలో రాయప్రోలు సుబ్బారావుగారు తెలుగు శాఖకు అధ్యక్షులుగా పనిచేశారు. ఇట్టి చరిత్ర గల నగరంలో ఒక బాలుడు తెలుగు పీరియడ్ అంటే భయపడి బడి మానివేయడం మనందరికీ లోటు.

బడి మానడం అన్న మాటను నేను ఊరికే అనలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుండి పధ్నాలుగు సంవత్సరాల పిల్లలకు, అనగా ఎనిమిదవ తరగతి వరకు, ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. తొమ్మిది, పది తరగతులు ఆ గొడుగు క్రిందికి రావు. తొమ్మిదవ తరగతి పిల్లవాడు చదువు మాని ఏ మెకానిక్ షెడ్డులోనో చేరితే చట్టం అతని వెంట వెళ్ళదు. ఉపాధ్యాయుడే వెళ్ళాలి. మరొకవైపు, తెలంగాణ రాష్ట్రంలో 2018 నాటి చట్టం పదవ తరగతి వరకు అన్ని పాఠశాలల్లో తెలుగు బోధనను దశలవారీగా తప్పనిసరి చేసింది. భాషను తప్పనిసరి చేయడం చట్టం పని. ఇష్టమయ్యేటట్లు చేయడం ఉపాధ్యాయుని పని. ఆ రెండవ పనికి ఉపాధ్యాయుణ్ణి తయారుచేయవలసింది శిక్షణ కళాశాల.

చేయవలసిన పనులు

ఈ దృష్టితో చూచినప్పుడు నాకు కొన్ని సూచనలు తోస్తున్నవి.

ఒకటి: తెలుగు బోధనా పద్ధతులలో మాతృభాషా బోధనకు ఎంత ప్రాముఖ్యం ఇస్తున్నామో, ద్వితీయ భాషా బోధనకు అంత ప్రాముఖ్యం ఇవ్వాలి. పద్యానికి ప్రతిపదార్థం చెప్పించడం మాతృభాషా తరగతిలో మంచి పద్ధతి కావచ్చు. వాడుక వాక్యమే పట్టుబడని తరగతిలో అది గోడకు చెప్పినట్లే. అక్కడ వినడం, మాట్లాడటం ముందు. చదవడం, వ్రాయడం తరువాత. పద్య సౌందర్యం ఆ పిదప.

రెండు: ఛాత్రోపాధ్యాయుడు మొదటి పాఠం చెప్పకముందు కొన్ని రోజులు చివరి బల్లపై కూర్చొని తరగతిని చూడాలి. కొత్త నిబంధనలలోని మొదటి నాలుగు వారాలు ఇందుకు చక్కగా సరిపోతాయి. ఆ వారాలను సంతకాల కోసం గడిపేవారు తమను తాము మోసగించుకొన్నవారే. ఏ పిల్లవాని ఇంటి భాష ఏది, ఎవరు సాయంకాలం దుకాణంలో పనిచేస్తున్నారు, ఎవరు పనుల కోసం వలస వచ్చిన కుటుంబాల పిల్లలు అన్నది తెలిసికొని ఒక పట్టిక తయారుచేసికొనవలెను. నేటి నగర తరగతిలో ఉర్దూ ఒక్కటే కాదు. హిందీ, మరాఠీ, కన్నడం, ఒడియా ఇంటి భాషలుగా గలవారు సైతం కనిపిస్తారు.

మూడు: పాఠ్యపథక రికార్డులో మరొక్క పుట చేర్చాలి. పాఠం ముగిసిన తరువాత, ఊహించని జవాబు ఏది వచ్చింది, ఆ జవాబు ఎందుకు వచ్చిందని అనుకొంటున్నాను అని ఛాత్రోపాధ్యాయుడు అందులో వ్రాయాలి. అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ఒక ముఖ్యమైన విషయం ప్రతిపాదించారు. ఉపాధ్యాయునికి విషయజ్ఞానం, బోధనా పద్ధతుల జ్ఞానం రెండూ విడివిడిగా ఉన్నంత మాత్రాన చాలదనీ, ఫలానా విషయంలో పిల్లలు ఎక్కడ తడబడతారో, ఎందుకు తడబడతారో తెలియడం కూడ కావాలనీ ఆయన భావం. ఆ మూడవ జ్ఞానం చేరేది ఇట్టి పుటలలోనే.

నాలుగు: పాఠశాలలోని అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులకు శిక్షణలో గౌరవస్థానం ఇవ్వాలి. ఛాత్రోపాధ్యాయులు వచ్చారంటే తమకు నాలుగు పీరియడ్లు విశ్రాంతి దొరికిందని వారు భావించే పరిస్థితి పోవాలి. నాకు కళ్ళు తెరిపించినవారు పర్యవేక్షకులు కారు. ఆ పాఠశాల వృద్ధ ఉపాధ్యాయులు. కొఠారి సంఘం చెప్పిన ఒంటరితనానికి మందు ఇదే.

ఐదు: ఇది మన కళాశాల పాలక సంఘం పెద్దలకు నా సవినయ మనవి. బి.ఎడ్. చదువు మన కళాశాలలో లేకపోయినా, దానికి పునాది వేయగల అవకాశం మనకున్నది. తృతీయ సంవత్సరం విద్యార్థులలో ఇష్టమైనవారిని వారానికి ఒక సాయంకాలం దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు పంపి, తెలుగు చదవడంలో వెనుకబడిన పిల్లలకు సాయం చేయించవచ్చు. ఉర్దూ విద్యార్థి ఒకరు, తెలుగు విద్యార్థి ఒకరు జంటగా వెళితే మరీ మంచిది. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ప్రధానోపాధ్యాయుల అనుమతి, రెండు పెట్టెల సుద్దముక్కలు, మన విద్యార్థుల ఓపిక చాలు. అట్లే గ్రంథాలయంలో ఉన్నత పాఠశాల తెలుగు, ఉర్దూ వాచకాలను తెప్పించి ఒక బీరువాలో ఉంచితే, ప్రవేశపరీక్షకు సిద్ధమయ్యేవారికీ ఉపకరిస్తుంది.

విద్యార్థి మిత్రులారా! ఉపాధ్యాయ వృత్తిని మరే ఉద్యోగమూ దొరకనప్పుడు చేరే చత్రంగా భావించేవారు ఉన్నారు. మీరు అట్లా భావించవద్దు. ఉర్దూ మాధ్యమంలో బి.ఎడ్. చేయదలచినవారికి మన హైదరాబాదులోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. తెలుగులో చేయదలచినవారికి మార్గాలు అనేకం. ఏ భాషలో శిక్షణ పొందినా, రెండవ భాషను వదలకండి. నగరంలో రెండు భాషలు తెలిసిన ఉపాధ్యాయుడు రెండు తలుపులు గల ఇల్లు వంటివాడు. ఏ వైపు నుండి వచ్చిన పిల్లవాడైనా లోపలికి రాగలడు.

ఆ అబ్బాయి మూడవనాడు తిరిగి బడికి వచ్చాడు. నేను నల్లబల్లపై 'రాయను', 'రాయలేదు', 'రాయలేను' అన్న మూడు మాటలు వ్రాసి, పక్కనే వాటి ఉర్దూ అర్థాలను కూడ వ్రాసి, ఆ రోజు పాఠ్యపథకాన్ని పక్కన పెట్టాను. తరగతి అంతా ఆ మూడు మాటలతో వాక్యాలు చెప్పింది. చివరకు ఆ అబ్బాయి లేచి, "మొన్న రాయలేదు సార్. రేపు రాస్తాను" అన్నాడు. ఆ పీరియడ్‌కు పర్యవేక్షకులు రాలేదు, మార్కులు లేవు. నా రికార్డులో ఆ పాఠం లేదు. నేను పొందిన శిక్షణలో మాత్రం అదే మొదటి పాఠమని ఇన్నేళ్ళ తరువాత కూడ తలుస్తున్నాను.